1839 నాటి కుట్రకు న్యాయమైన తూకం

ఒక ప్రభుత్వం తాను భయపడిన మనుషులకు పెట్టిన పేరు, ఆ ప్రభుత్వం అంతరించిన తరువాత కూడా ఎంతకాలం బ్రతకగలదో తెలుసుకోవాలంటే 'వహాబీ' అనే మాటను చూడాలి. నజ్ద్ ప్రాంతపు పండితుడు ముహమ్మద్ బిన్ అబ్దుల్ వహాబ్ పేరు మీదుగా వచ్చిన ఈ మాటను ఈస్టిండియా కంపెనీ అధికారులు మన దేశంలో ఒక నేరారోపణగా వాడారు. 1839లో హైదరాబాదు, కర్నూలు, నెల్లూరు ప్రాంతాలను కలుపుతూ ఒక 'వహాబీ కుట్ర' బయటపడిందని వారు నమ్మారు. దాని ఫలితంగా ఒక రాజకుమారుడు మరణించేవరకు గోల్కొండలో బందీగా ఉండిపోయాడు. ఒక నవాబు రాజ్యం పోగొట్టుకుని, పరాయి ఊరిలో హత్యకు గురయ్యాడు. కర్నూలు సంస్థానం పటం మీది నుంచి తొలగిపోయింది. కంపెనీ కూడా కాలగర్భంలో కలిసిపోయింది. కానీ ఆ పేరు మాత్రం ఈనాటికీ మన వీధుల్లో, మన మస్జిదుల గుమ్మాల వద్ద, చివరికి మన పెళ్ళి సంబంధాల మాటల్లో కూడా వినిపిస్తూనే ఉంది.

నేను కర్నూలు పాతబస్తీలో పుట్టి, మూడు దశాబ్దాల పాటు పిల్లలకు సాంఘిక శాస్త్రం బోధించినవాణ్ణి. మా దాదీ చెప్పిన కథలో కర్నూలు నవాబు ధర్మవీరుడు. ఆంగ్లేయులను తరిమికొట్టడానికి జనానా తోటలో ఫిరంగులు దాచినవాడు. దొరల కాలపు గ్రంథాల్లో ఆయన కుట్రదారు, మతోన్మాదుల చేతిలో కీలుబొమ్మ. రెండు కథలూ ఫిరంగులున్నాయనే అంటాయి. అవి ఎందుకున్నాయన్న దగ్గర విడిపోతాయి. ఆ 'ఎందుకు' అన్న ప్రశ్నను ఇన్నేళ్ళ తరువాత, కోపం లేకుండా, అభిమానం లేకుండా మళ్ళీ అడగడం అవసరమని నాకు తోస్తున్నది. ప్రభుత్వం ఈ వ్యవహారంలో నిజాన్ని వెలికి తీసిందా, లేక కుట్రను తయారు చేయడంలో తానూ ఒక చేయి వేసిందా అన్నది ఆ ప్రశ్నలోని రెండవ సగం.

భయం కమ్ముకున్న సంవత్సరం

ముందుగా ఆ కాలాన్ని గుర్తు చేసుకుందాం. 1837, 1838 సంవత్సరాల్లో ఇరాన్ సైన్యం హెరాత్ నగరాన్ని ముట్టడించింది. ఇరాన్ వెనుక రష్యా ఉందని కంపెనీ ప్రభుత్వం భయపడింది. గవర్నర్ జనరల్ ఆక్లండ్ ఆ భయంతోనే ఆఫ్ఘనిస్తాన్ మీదికి సైన్యాన్ని పంపాడు. 1839 ఏప్రిల్‌లో కాందహార్, జూలైలో గజనీ, ఆగస్టులో కాబూల్ ఆంగ్లేయుల వశమయ్యాయి. సైన్యంలో ఒక భాగం వాయవ్యానికి వెళ్ళిపోగా, దక్కన్ బజార్లలో పుకార్లు వ్యాపించాయి. ఇరాన్ వస్తున్నదని కొందరు, రష్యా వస్తున్నదని మరికొందరు చెప్పుకునేవారు. ఫకీర్లు, గుర్రాల వర్తకులు, హజ్ నుంచి తిరిగి వచ్చేవారు ఊరూరా తిరుగుతూ వార్తలు మోసేవారు.

కంపెనీకి మరొక పాత గాయం కూడా ఉంది. 1806 జూలైలో వేలూరు కోటలో సిపాయిలు తిరగబడినప్పుడు, అక్కడే బందీలుగా ఉన్న టిప్పు సుల్తాన్ కుమారుల పేర్లు ఆ తిరుగుబాటుతో ముడిపడ్డాయి. అందువల్ల మద్రాసు ప్రెసిడెన్సీ అధికారులకు ముస్లిం రాజవంశం, ముస్లిం బోధకుడు, ముస్లిం సిపాయి అనే మూడు మాటలు ఒకే వాక్యంలో వస్తే నిద్ర పట్టేది కాదు. 1839లో నెల్లూరు జిల్లా మేజిస్ట్రేటు స్టోన్‌హౌస్‌కు చేరిన సమాచారం సరిగ్గా ఈ మూడింటినీ కలిపింది. అక్కడి నుంచి ఆ దారం హైదరాబాదు రెసిడెంటు జేమ్స్ స్టువర్ట్ ఫ్రేజర్ వద్దకు, ఆపైన కర్నూలుకు సాగింది.

ఆ బోధకులెవరో కూడా తెలుసుకోవాలి. రాయ్‌బరేలీకి చెందిన సయ్యద్ అహ్మద్ సాహెబ్, ఢిల్లీలోని షా వలీయుల్లాహ్ కుటుంబపు విద్యా సంప్రదాయంలో ఎదిగినవారు. దురాచారాలను విడనాడమని, దుబారా పెళ్ళిళ్ళు మానమని, వితంతువులకు పునర్వివాహం చేయమని ఆయన అనుచరులు బోధించేవారు. తమ మార్గాన్ని వారు 'తరీఖా ముహమ్మదియా' అని పిలుచుకున్నారు. సయ్యద్ సాహెబ్ ఖాదిరీ, చిష్తీ, నఖ్ష్‌బందీ సూఫీ సిల్సిలాలలో బైఅత్ తీసుకునేవారన్న సంగతిని గమనిస్తే, నజ్ద్ ఉద్యమపు పేరును ఆయనకు అంటగట్టడం ఎంత తొందరపాటో అర్థమవుతుంది. ఆయన పోరాడింది పంజాబులో రంజిత్ సింగ్ రాజ్యంతో. 1831 మే నెలలో బాలాకోట్ వద్ద ప్రాణాలు విడిచారు. ఆ పోరాటానికి కంపెనీ నేల మీద మనుషులు, విరాళాలు పోగవుతున్నంత కాలం అధికారులు పెద్దగా అడ్డుపడలేదు. అదే ప్రవాహం తమ వైపు తిరుగుతుందేమోనన్న అనుమానం కలిగినప్పుడు మాత్రమే అది వారికి కుట్రగా కనిపించింది. సయ్యద్ సాహెబ్ ముఖ్య శిష్యుల్లో ఒకరైన పాట్నాకు చెందిన మౌల్వీ విలాయత్ అలీ హైదరాబాదుకు వచ్చి బోధించారు. ఆయన మాటలు విన్నవారిలో నిజాం సోదరుడు కూడా ఉన్నాడు.

గోల్కొండ బందీ

ఆ సోదరుడే ముబారిజుద్దౌలా. మూడవ నిజాం సికందర్ జా కుమారుడు. 1829లో సింహాసనమెక్కిన నాసిరుద్దౌలాకు తమ్ముడు. ఆంగ్లేయులంటే ఆయనకున్న ద్వేషం కొత్తగా పుట్టింది కాదు. 1815లోనే హైదరాబాదు నగరంలో ఆయన మనుషులకు, కంపెనీ సైనికులకు మధ్య ఘర్షణ జరిగి, ఆయనను గోల్కొండ కోటలో నిర్బంధించారు. అప్పటికి మౌల్వీ విలాయత్ అలీ రాలేదు, సయ్యద్ సాహెబ్ పేరు దక్కన్‌లో వినబడలేదు. అంటే ఆయన వైరం మతబోధ కంటే చాలా ముందుది. సొంత ఊరిలో, తండ్రి దర్బారులో, ఒక విదేశీ రెసిడెంటు మాట చెల్లుబాటు కావడం ఒక రాజకుమారునికి కలిగించిన అవమానంలో అది పుట్టింది.

1839 జూన్‌లో ముబారిజుద్దౌలాను అరెస్టు చేసి మళ్ళీ గోల్కొండకు పంపారు. నిజాం తరఫువారు, కంపెనీ తరఫువారు సభ్యులుగా విచారణ సంఘం ఏర్పడింది. అనేకమంది సంస్థానాధీశులతో ఆయన ఉత్తర ప్రత్యుత్తరాలు జరిపాడని, కంపెనీ అధికారాన్ని కూలదోయాలని ఆలోచించాడని ఆరోపణ. ఆయన బోధకులను చేరదీశాడన్నది, ఆంగ్లేయుల పతనాన్ని కోరుకున్నాడన్నది నమ్మదగిన విషయాలే. ఆయన అభిమానులు కూడా వీటిని కాదనరు. అయితే కోరుకోవడానికి, కుట్ర పన్నడానికి మధ్య సైన్యం, ధనం, తేదీ, ఒప్పందం అనే నాలుగు మెట్లున్నాయి. ఒక ప్రాసాదంలో కొందరు మౌల్వీలతో, కొన్ని ఉత్తరాలతో కూర్చున్న రాజకుమారుడు వాటిలో ఎన్ని మెట్లు ఎక్కాడన్నదే అసలు ప్రశ్న.

ఇక్కడ రెండు ప్రభుత్వాల ప్రయోజనాన్ని కూడా చూడాలి. రెసిడెంటుకు తనను ద్వేషించే రాజకుమారుడు అడ్డు. నిజాంకు తన సింహాసనం మీద హక్కు చెప్పగల తమ్ముడు అడ్డు. ఒక మనిషిని తొలగించడం వల్ల ఇద్దరికీ లాభం కలుగుతున్నప్పుడు ఆ ఇద్దరూ కలిసి నియమించిన విచారణ సంఘపు తీర్పును ఎంత జాగ్రత్తగా చదవాలో పాఠకులే ఊహించగలరు. ముబారిజుద్దౌలా గోల్కొండలోనే 1854లో కన్నుమూశాడు. పదిహేనేళ్ళ నిర్బంధంలో ఆయన తన మీది సాక్ష్యాలను బహిరంగ న్యాయస్థానంలో ప్రశ్నించే అవకాశం రాలేదు.

కర్నూలు ఫిరంగులు

కర్నూలు కథ వేరు. ఇక్కడి నవాబులు పఠాన్ వంశీకులు. 1800లో నిజాం దత్తమండలాలను కంపెనీకి అప్పగించినప్పుడు కర్నూలు మీది ఆధిపత్యం కూడా కంపెనీకి దక్కింది. నవాబు పేష్కష్ చెల్లిస్తూ, లోపలి పాలన తానే చూసుకునేవాడు. 1823 నుంచి ఆ గద్దె మీద ఉన్నవాడు గులాం రసూల్ ఖాన్.

1839 అక్టోబరులో కంపెనీ సైన్యం కర్నూలు కోటలోకి ప్రవేశించింది. కోటను కాపాడుకోవడానికి నవాబు యుద్ధం చేయలేదు. లోపల వెతికినప్పుడు జనానా ఆవరణలోను, తోటల్లోను దాచిన ఫిరంగులు, మందుగుండు, పోత పోసే కొలుములు బయటపడ్డాయి. అంత చిన్న సంస్థానానికి అన్ని ఆయుధాలెందుకని దొరలు నివ్వెరపోయారు. ఇందులో అతిశయోక్తి లేదు. ఫిరంగులు అబద్ధం కావు. మా దాదీ కథలో నిలిచినవి కూడా అవే.

ఐతే తరువాత జరిగినది గమనించండి. నవాబు కోట వెలుపల, తుంగభద్ర సమీపంలోని జోరాపురం వద్ద తన సైనికుల మధ్య ఉన్నాడు. వారిలో పఠాన్లు, రొహిల్లాలు, అరబ్బులు ఉన్నారు. తమకు రావలసిన బకాయి జీతాలు తీర్చేవరకు నవాబును వదిలిపెట్టేది లేదని వారు పట్టుబట్టారు. అక్టోబరు 18న కంపెనీ సైన్యం వారి మీద దాడి చేసింది. ఇరుపక్షాల్లోను ప్రాణనష్టం జరిగింది. నవాబు పట్టుబడ్డాడు. ఒక మహా జిహాద్‌కు సిద్ధమైన సైన్యమే అది అయితే, కొన్ని వందల ఫిరంగులను వదిలి కోటను ఎందుకు అప్పగించినట్లు? చివరి పోరు జీతాల బకాయిల చుట్టూ ఎందుకు తిరిగినట్లు? పవిత్ర యుద్ధానికి కాలుదువ్విన సేనాని కంటే, అప్పుల్లో కూరుకుపోయి, ఆయుధాలు పోగుచేయడాన్ని తన పరువుగా భావించిన ఒక చిన్న పాలకుడే ఈ దృశ్యంలో కనిపిస్తున్నాడు. పెద్ద రాజ్యం నీడలో బ్రతికే చిన్న రాజు ఫిరంగుల లెక్కలో తన గౌరవాన్ని చూసుకోవడం వింత కాదు. దానివల్ల ఆయన నిర్దోషి అయిపోడు. యజమాని కంట పడకుండా ఆయుధాలు దాచడం తనపై ఉన్న ఒప్పందానికి విరుద్ధమే. కానీ ఆ తప్పు పేరు వేరు, 'వహాబీ కుట్ర' పేరు వేరు.

గులాం రసూల్ ఖాన్‌ను తిరుచిరాపల్లికి పంపారు. 1840లో ఆయన అక్కడే హత్యకు గురయ్యాడు. చంపినవాడు ఒక ముస్లిమే. ధర్మవీరుడని మన ఇళ్ళలో, మతోన్మాది అని దొరల కాగితాల్లో పేరు పొందిన మనిషికి దక్కిన ముగింపు అది. అది ఈ రెండు కథల్లో దేనిలోనూ ఒదగదు.

ముడి వేసినదెవరు?

ఇప్పుడు ప్రభుత్వం పాత్రకు వద్దాం. కంపెనీ ఈ వ్యవహారాన్ని శూన్యంలో నుంచి సృష్టించిందని చెప్పడానికి ఆధారం లేదు. బోధకులు నిజం, రాజకుమారుని ద్వేషం నిజం, ఫిరంగులు నిజం. అయితే ఈ మూడూ వేర్వేరు చోట్ల, వేర్వేరు కారణాలతో ఉన్న వాస్తవాలు. వాటిని ఒకే త్రాటికి కట్టి, ఆ త్రాటికి 'వహాబీ' అని పేరు పెట్టిన పని ప్రభుత్వానిదే. ఆ మేరకు ప్రభుత్వం ఈ కుట్రలో భాగస్వామి.

ఆ ముడి ఎలా పడిందో ఊహించడం కష్టం కాదు. దొరలు వేగులను నమ్ముకున్నారు. పెద్ద కుట్రను తెచ్చినవానికి పెద్ద ఆదరణ దొరికే చోట చిన్న వార్త చిన్నదిగా మిగలదు. పట్టుబడిన ఉత్తరాలు ఫార్సీలో, ఉర్దూలో ఉంటాయి. దీన్, హిజ్రత్, ఇమామ్ వంటి మాటలు ముస్లింల ఉత్తరాల్లో నిత్యం వచ్చేవే. అనువదించే మున్షీ దొర ముఖం చూసి అనువదిస్తే, చదివే దొర ముందే భయంతో చదివితే, కుశల ప్రశ్న కూడా రణ నినాదంగా మారుతుంది.

దీనికి ఒక పోలిక చూద్దాం. అదే 1839వ సంవత్సరం సెప్టెంబరులో కంపెనీ సతారా రాజైన ప్రతాప్ సింగ్‌ను గద్దె దింపి కాశీకి పంపింది. ఆయన శివాజీ వంశీకుడు. సిపాయిలను తిప్పుకోవడానికి ప్రయత్నించాడని, గోవాలోని పోర్చుగీసులతో మంతనాలాడాడని ఆరోపణ. ఆ సాక్ష్యాల్లో కల్పితాలున్నాయని ఆయన పక్షాన రంగో బాపూజీ లండన్ దాకా వెళ్ళి ఏళ్ళ తరబడి వాదించాడు. సతారాలో ఆరోపణ కుట్ర, కర్నూలులో ఆరోపణ కుట్ర. రెండు చోట్లా శిక్ష ఒక్కటే. కానీ సతారా వ్యవహారాన్ని ఎవరూ 'హిందూ కుట్ర' అనలేదు. రాజుగారి రాజకీయంగానే చూశారు. కర్నూలులో మాత్రం నవాబు రాజకీయం వెనుక ఆయన మతాన్ని వెదికారు. 1846లో ఇదే కర్నూలు సీమలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరగబడి, మరుసటి సంవత్సరం ఉరికంబమెక్కినప్పుడు కూడా ఆయన మతం నేరపత్రంలోకి రాలేదు. మన పూర్వికులు ఎదుర్కొన్న అసలు అన్యాయం ఇక్కడ ఉందని నా అభిప్రాయం. మనిషి చేసిన పనికి మనిషినే బాధ్యుణ్ణి చేయడం న్యాయం; అతని నమాజును సాక్ష్యంగా పిలవడం అన్యాయం.

ఇక లాభం మాట. కర్నూలు కంపెనీ పాలన కిందికి వచ్చింది. 1858లో జిల్లాగా ఏర్పడేవరకు ప్రత్యేక అధికారుల ఏలుబడిలో ఉంది. నెల్లూరు సీమలోని ఉదయగిరి జాగీరును కూడా అదే 1839లో కంపెనీ స్వాధీనం చేసుకుంది. లాభం పొందినంత మాత్రాన పథకం ప్రకారమే చేశారని తీర్మానించలేము. కానీ కుట్ర ఎంత పెద్దదని తేలితే స్వాధీనం అంత సులువవుతుందన్న సంగతిని తీర్పు చెప్పేవారు మరువకూడదు. చరిత్రకారుడు చంద్ర మల్లంపల్లి ఈ వ్యవహారం మీద 2017లో వెలువరించిన ఆంగ్ల గ్రంథం శీర్షికలోనే 'ముస్లిం కుట్ర' అన్న మాట పక్కన ప్రశ్నార్థకం ఉంచారు. పాలకుల అనుమాన రోగాన్ని కూడా ఆ గ్రంథం చరిత్రలో ఒక పాత్రగా నిలబెట్టింది. ఆ ప్రశ్నార్థకం పడడానికి నూట డెబ్భై ఎనిమిది సంవత్సరాలు పట్టింది.

మన వైపు పడిన ముడి

ఇంతవరకు చదివినవారికి సంతోషం కలిగి ఉండవచ్చు. అయితే తూకం పూర్తి కావాలంటే రెండవ తట్టలో కూడా రాయి వేయాలి. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత ఇదే వ్యవహారం తలక్రిందులై స్వాతంత్ర్య సమరంగా మారింది. 1956 నుంచి సంపుటాలుగా వెలువడిన హైదరాబాదు స్వాతంత్ర్య పోరాట చరిత్రలో ముబారిజుద్దౌలా గౌరవ స్థానం పొందాడు. మన సభల్లో, మన పత్రికల్లో కర్నూలు నవాబు అమరవీరుడయ్యాడు. గమనిస్తే, దొరలు కట్టిన మూటనే మనం విప్పకుండా, పైన అంటించిన పేరును మాత్రం మార్చి ఇంటికి తెచ్చుకున్నాము. బోధకుడు, రాజకుమారుడు, నవాబు ఒక్కటేనని దొర అన్నాడు. ఔను, ముగ్గురూ ఒక్కటే, ముగ్గురూ వీరులేనని మనమన్నాము.

కర్నూలు నవాబు పాలన ఎలా ఉండేదో చెప్పిన తెలుగువాడొకడున్నాడు. 1830లో మద్రాసు నుంచి కాశీయాత్రకు బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య కర్నూలు సీమ గుండా ప్రయాణించారు. అహోబిలం, శ్రీశైలం యాత్రికుల నుంచి నవాబు ప్రభుత్వం సొమ్ము రాబట్టడాన్ని తన కాశీయాత్ర చరిత్రలో నమోదు చేశారు. ఆయన దొరల వేగు కాదు, నవాబుకు శత్రువూ కాదు. దారిన పోతూ చూసింది వ్రాసిన యాత్రికుడు. జీతాలందని సైనికులు, సుంకాలతో విసిగిన యాత్రికులు ఉన్న పాలనను ఇస్లామీ న్యాయానికి ప్రతీకగా చూపితే, ఇస్లాం పేరుకే చెడ్డ. ఆంగ్లేయులకు ఎదురు నిలిచిన ప్రతివాడూ న్యాయవంతుడు కానక్కరలేదు. ఒక జాతి మీది ద్వేషం మిమ్మల్ని న్యాయం తప్పేలా చేయరాదని మాయిదా సూరాలో వచ్చిన హెచ్చరిక ఎదుటివారి విషయంలో ఎంత వర్తిస్తుందో, మనవారి మీది ప్రేమ విషయంలో కూడా అంతే వర్తిస్తుందని పెద్దలు చెబుతారు.

ఇంటిలో ఈ చరిత్ర ఎందుకు?

నూట ఎనభై ఏళ్ళ నాటి సంగతి కుటుంబ పత్రికలో ఎందుకని కొందరు అడగవచ్చు. రెండు కారణాలు చెబుతాను.

కొన్నేళ్ళ క్రితం మా బంధువుల ఇంట ఒక అమ్మాయికి సంబంధం కుదిరింది. అబ్బాయి చదువు, నడత, ఉద్యోగం అన్నీ నచ్చాయి. మహర్ గురించి కూడా మాట అయిపోయింది. అప్పుడు మధ్యవర్తి ఒకాయన మెల్లగా, "వాళ్ళు వహాబీలట కదా భాయ్‌సాబ్, ఫాతిహాలకు రారట" అన్నాడు. ఆ ఒక్క మాటతో గదిలో గాలి మారిపోయింది. అబ్బాయి తండ్రి ఏమి నమ్ముతాడో, ఎలా నమాజు చేస్తాడో, పొరుగువారితో ఎలా ఉంటాడో ఎవరూ అడగలేదు. సంబంధం తప్పిపోయింది. ఎదుటి వర్గం వారు తమ ఇళ్ళలో మనల్ని మరొక పేరుతో కొట్టిపారేస్తారని కూడా నాకు తెలుసు. ఫిఖ్హ్ విషయాల్లో భేదాలుండడం సహజం. వాటి గురించి ఆలిములు గౌరవంగా వాదించుకోవచ్చు. కానీ రెసిడెంటు కచేరీలో భయంతో, మనల్ని గుర్తు పట్టి బంధించడానికి వాడిన పేరును మనమే తీసుకుని, మన కుమార్తెల సంబంధాలు తెంచడానికి వాడుకోవడం కంటే విచారకరమైనది మరొకటి లేదు. ఆ పేరు పెట్టినవాడు పోయినా అతని పని మనం చేసిపెడుతున్నాము.

రెండవ కారణం మన యువకులు. నా అన్న మనుమడు కళాశాలలో చదువుతున్నాడు. తెలివైనవాడు. ఎక్కడ ఏ దుర్ఘటన జరిగినా వాని ఫోనులో అరగంటలో ఒక సందేశం వస్తుంది: ఇదంతా ప్రభుత్వమే చేయించిందని, మనవారి మీద నింద వేయడానికే జరిపించారని. ఒకరోజు నా వద్దకు వచ్చి, "దాదా, అంతా ముందే వ్రాసి పెట్టిన నాటకమే" అన్నాడు. నేను వానికి 1839 కథంతా చెప్పాను. ప్రభుత్వాలు అబద్ధమాడవని చెప్పలేదు. చరిత్రలో ఆడాయి, భయపడ్డాయి, లాభం కోసం భయాన్ని పెంచాయి. అయినా ఆ మాట అనడానికి ముందు కోటలో ఫిరంగులు ఉన్నాయా లేవా అన్నది చూడాలి కదా అని అడిగాను. దొర తన భయంతో మూడు వాస్తవాలను ఒకే కుట్రగా చూశాడు. మన పిల్లలు తమ బాధతో ముప్ఫై వాస్తవాలను ఒకే కుట్రగా చూస్తున్నారు. దిశ మారింది గాని, ఆలోచించే పద్ధతి మారలేదు. వాడు కొంతసేపు మౌనంగా ఉండి, "మరి నిజంగా ప్రభుత్వం చేసినప్పుడు ఎలా తెలుస్తుంది?" అన్నాడు. ఆ ప్రశ్నకు నేను ఎంతో సంతోషించాను. అది తెలివిగల ప్రశ్న.

దానికి సమాధానం కష్టమైనదే గాని అసాధ్యం కాదు. మొదట జరిగినదేమిటో, జరిగిందని అనుకుంటున్నదేమిటో విడివిడిగా వ్రాసుకోవాలి. జోరాపురం పోరు జరిగింది. జిహాద్ పథకం ఉందని అనుకున్నారు. తరువాత వార్త తెచ్చినవాడెవడు, దానివల్ల వానికి ఏమి దక్కింది అని చూడాలి. ఆపైన ఇదే పని ఇంకొక మతస్థుడు చేసి ఉంటే ఇదే పేరు పెట్టేవారా అని అడగాలి. సతారా ఉదాహరణ అందుకే చెప్పాను. చివరగా, ఆ ప్రశ్నను మనవైపు కూడా తిప్పాలి: ఇదే ఆరోపణ మనకు గిట్టని వారి మీద వచ్చి ఉంటే ఇన్ని సాక్ష్యాలు అడిగేవారమా? వార్త తెచ్చినవాని నడతను చూసి, వార్తను పరిశీలించిన తరువాతనే అడుగు వేయమని హుజురాత్ సూరా విశ్వాసులకు నేర్పింది. తెలియక ఒక జనసమూహానికి హాని చేసి పశ్చాత్తాపపడే స్థితి రాకూడదన్నదే ఆ ఆదేశంలోని కారుణ్యం. ఆ ఆదేశం దొరల చేతికి అందలేదు. మన ఇళ్ళలో అది ప్రతి అలమరలోనూ ఉంది.

గోల్కొండ బందీ ఆంగ్లేయులను ద్వేషించాడు. దానికి ఆయనకు కారణాలున్నాయి. కర్నూలు నవాబు ఆయుధాలు దాచాడు, తన ప్రజలను సరిగా చూసుకోలేదు. బోధకులు సమాజ సంస్కరణ కోసం ఊరూరా తిరిగారు. కంపెనీ ప్రభుత్వం భయపడింది, భయానికి మతం పేరు పెట్టింది, దానితో రాజ్యం సంపాదించుకుంది. ఈ నాలుగు వాక్యాలను ఎవరి లెక్క వారికి విడిగా చెప్పగలిగితే ఆ కాలపు మనుషులకు న్యాయం జరుగుతుంది. అలా విడిగా చెప్పడం మన పిల్లలకు భోజనాల వద్ద, ప్రయాణాల్లో, సెలవు రోజుల్లో నేర్పుదాం. ఈ సెలవుల్లో కర్నూలు వచ్చేవారు కొండారెడ్డి బురుజుతో ఆగిపోకుండా తుంగభద్ర వైపు నడిచి వెళ్ళి, జోరాపురం ఎక్కడని అడిగి, పిల్లలకు చూపించండి. అక్కడ పడిపోయినవారిలో తన బకాయి జీతం కోసం నిలబడినవాడు కూడా ఉన్నాడని చెప్పండి. వారందరి లెక్క అల్లాహ్ వద్ద భద్రంగా ఉంది. మనం చేయవలసిందల్లా వారి గురించి మాట్లాడేటప్పుడు తూకం తప్పకపోవడమే.